గాలిలో దాగిన నీరు

విజయనగరము జిల్లాలో బొబ్బిలికి చేరువగా గొల్లపల్లి యను గ్రామము కలదు. అచ్చటి పనివారు పనసకఱ్ఱను తొలిచి వీణలు చేయుదురు. తమ చేతిపనికి వారు తరతరములుగా పేరుపడినవారు. అట్టి వీణ యొకటి కడలులు దాటి, అమెరికాలోని చికాగో నగరమున కాపురమున్న యొక తెలుగు కుటుంబమువారి యింటికి చేరినదనుకొనుడు. వేసవి నెలలలో అది చక్కగా పలుకును. డిసెంబరు వచ్చును, వెలుపల మంచు కురియును, ఇంటివారు తాపయంత్రమును నడిపి గదులను వెచ్చగా నుంచుకొందురు. జనవరిలో నొకనాటి యుదయమున చూచునప్పటికి వీణ కుండపై వెండ్రుకవంటి బీట కనబడును. దానిని ఎవరును క్రింద పడవేయలేదు. ఎవరును దానిపై బరువు పెట్టలేదు. వీణ తన మూలలో తానుండగనే పగిలినది. అట్టి దేశములకు మన వాద్యములను కొనిపోవువారు భయపడు ఆపద యిదియే.

ఇందుకు కారణము చలి కాదు, వేడియును కాదు. వేడి చేసిన గాలి దాహము దీని కారణము. ఆ దాహము ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు ముందు మన యిండ్లను ఒకసారి చూతము.

శ్రావణ మాసమున తలుపు బిగిసికొని, భుజము పెట్టి త్రోసినగాని తెఱచుకొనదు. అదే తలుపు వైశాఖమున సందులిచ్చి గాలికి టపటప కొట్టుకొనును. వానకాలమున అప్పడము విప్పిన గడియలో మెత్తబడును. జాడీలోని ఉప్పు చెమర్చును. వేసవిలో డాబాపై పెట్టిన వడియములు రెండు దినములలో గలగలలాడును. "వానకాలమున గాలిలో నీరు ఎక్కువ, వేసవిలో తక్కువ, ఇందేమి వింత?" అని మీరు వెంటనే అందురు. ఆ మాట సగము మాత్రమే నిజము. మిగిలిన సగము తెలియనిచో వీణ కథ అర్థము కాదు.

పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు గల పెట్టెను మనస్సులో నూహించుకొనుడు. దానిలోని గాలి ఉష్ణోగ్రత సున్న డిగ్రీల సెంటీగ్రేడు అయినచో, అందు కంటికి కనబడని ఆవిరి రూపమున 5 గ్రాములకంటె కొంచెము తక్కువ నీరు మాత్రమే ఉండగలదు. అంతకు మించినది మంచుగనో, నీటి బిందువులుగనో వెలుపలికి వచ్చివేయును. 10 డిగ్రీలలో 9 గ్రాములకు పైగా నుండగలదు. 20 డిగ్రీలలో 17 గ్రాములు. 30 డిగ్రీలలో 30 గ్రాములు. 40 డిగ్రీలలో 51 గ్రాములు. చూచితిరా! పది డిగ్రీలు హెచ్చినప్పుడెల్ల ఆ పరిమితి ఇంచుమించు రెట్టింపగుచున్నది. ఈ యైదంకెలను జ్ఞాపకముంచుకొన్నచో చాలును. ఈ పాఠములోని తక్కిన విషయమంతయు వానినుండియే పుట్టును.

గాలి ఇంత నీటిని "పట్టుకొనును" అని చెప్పుట వాడుక. నిజమునకు గాలి గుడ్డముక్కవలె నీటిని పీల్చుకొనునది కాదు. గాలి లేని శూన్యమునందును ఆ వేడిమికి అంత ఆవిరియే నిలుచును. ఎంత ఆవిరి నిలువగలదో నిర్ణయించునది వేడిమియే. అయినను వాడుక మాట సులభముగా నుండుటచే మనమును దానినే వాడుకొందము.

ఇప్పుడొక లెక్క. మే నెలలో కర్నూలున నొక మధ్యాహ్నము 40 డిగ్రీల యెండ కాయుచున్నదనుకొందము. గాలి పట్టుకొనదగిన నీటిలో నూటికి 20 వంతులే అందున్నది. పెదవులు ఎండును, ఆరవేసిన పంచె అరగంటలో ఆరును. జనవరిలో ఢిల్లీ నగరమున నొక యుదయము పొగమంచు క్రమ్మి, ఎదుటి మనిషి కనబడకున్నాడు; వేడిమి 6 డిగ్రీలు; గాలి నూటికి నూరు వంతులు తడిసియున్నది. ఈ రెండింటిలో ఏ గాలియందు నీరెక్కువ? ఢిల్లీ గాలియందని ఎవరైనను చెప్పుదురు. లెక్క వేయుడు. కర్నూలు గాలిలో 51 గ్రాములలో అయిదవ వంతు, అనగా ఘనమీటరునకు 10 గ్రాముల ఆవిరి కలదు. ఢిల్లీ గాలిలో, 6 డిగ్రీల వద్ద ఉండగల ఆవిరియంతయు ఉన్నను, అది 7 గ్రాములకు కొంచెము పైగా మాత్రమే. మనకు పొడిగా తోచిన గాలిలోనే ఆవిరి యెక్కువ!

కావున తడి, పొడి అని మన చర్మమునకు తోచునది గాలిలో నున్న నీటి మొత్తము కాదు. ఉండగలిగిన దానిలో ఎంత ఉన్నది యనునదే ముఖ్యము. శాస్త్రజ్ఞులు దీనిని సాపేక్ష ఆర్ద్రత యందురు. సగము నిండిన కడవ యందును, సగము నిండిన గ్లాసునందును నీరు సమానము కాదు. కాని రెండును సగము ఖాళీయే. గాలిని వేడి చేయుట యనగా, నీరు తీయకయే చిన్న పాత్రను పెద్ద పాత్రగా మార్చుట. చల్లబరచుట యనగా పెద్ద పాత్రను చిన్నదిగా కుదించుట. నీరు అంతే; పాత్రలోని ఖాళీ మాత్రమే హెచ్చుచు తగ్గుచు నుండును.

ఇక చికాగో యింటికి పోవుదము. వెలుపలి గాలి సున్న డిగ్రీలలో తేమతో పూర్తిగా నిండియున్నదనుకొందము. అది తలుపు సందులనుండి లోనికి వచ్చును. తాపయంత్రము దానిని 20 డిగ్రీలకు వేడి చేయును. తెచ్చుకొన్న నీరు 5 గ్రాములకు లోపు. ఇప్పుడు ఉండదగినది 17 గ్రాములు. కనుక నూటికి నూరు వంతులున్న ఆర్ద్రత నాలుగవ వంతునకు దిగిపోవును. వెలుపల సున్నకు దిగువ పది డిగ్రీలున్న దినమున, అట్టి చలి ఆ నగరమున అపురూపము కాదు, వేడి చేసిన గదిలో ఆర్ద్రత నూటికి పదునైదు వంతులైనను ఉండదు. మన కర్నూలు మధ్యాహ్నముకంటె ఆ గది పొడిగా నుండును! గుమ్మము వెలుపల మోకాలి లోతు మంచు. గుమ్మము లోపల ఎడారి.

ఆ గాలి తన కొఱతను తీర్చుకొనుటకు ఎక్కడ నీరు దొరకునో అక్కడ తీసికొనును. మనుష్యుల పెదవులు పగులును. ముక్కు లోపలి పొర ఎండి, కొందఱికి నెత్తురు చెమర్చును. కంబళిపై నడచి తలుపు పిడిని తాకినప్పుడు చురుక్కుమని విద్యుత్తు నిప్పురవ్వ తగులును. తేమ యున్న గాలిలో ఆ విద్యుత్తు నిలువక జారిపోయి యుండెడిది. కఱ్ఱ మాటయు ఇట్టిదే. ఆరిన కఱ్ఱ యని మనము చెప్పునదియు నిజముగా పూర్తిగా ఆరినది కాదు. గాలిలో ఆర్ద్రత నూటికి 80 వంతులున్నచోట కఱ్ఱ తన పొడి బరువులో నూటికి సుమారు 16 పాళ్ళు నీటిని దాచుకొని యుండును. ఆర్ద్రత 30కి దిగినచోట ఆ నీరు 6 పాళ్ళకు దిగును. నీరు పోయిన కొలది కఱ్ఱ కుదించుకొనును. చిత్రమేమనగా, అది నిలువుగా దాదాపు కుదించుకొనదు, అడ్డముగా కుదించుకొనును. పై పొర ముందు ఎండును. లోపలి భాగము ఇంకను తడిగా నుండి లొంగదు. ఈ పెనగులాటలో ఎచ్చట బలము తక్కువయో అచ్చట బీట విడుచును. శ్రావణమున బిగిసి వైశాఖమున వదులైన మన తలుపు చేసినదియు ఇదే పని. కాని తలుపునకు కదలుటకు చోటున్నది, వీణకు లేదు.

ఆ దేశములవారు పూర్వము పొయ్యిపై నీటి గిన్నె నుంచెడివారు. నేడు తేమనిచ్చు యంత్రములు పెట్టుచున్నారు. గిన్నెడు నీటితో పని తీరునా? నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల యెత్తు గల గదిలో ఆర్ద్రతను 26 వంతులనుండి 45 వంతులకు పెంచుటకు 160 గ్రాముల నీరు చాలును. కాని గదిలోని గాలి గంట కొకసారి మారుచున్నచో గంటగంటకు అంత నీరు కావలెను. అనగా దినమునకు మూడు లీటర్లకు పైగా. గిన్నె పెట్టి మఱచిపోవువారికి ఫలము లేకపోవుటకు కారణ మిదియే.

ఇంతలో మఱియొక చిక్కు. గాలి పోకుండ కిటికీలు గట్టిగా మూసికొని, వంటలు చేసికొని, వేన్నీళ్ళ స్నానములు చేసి, పలువురు నిదురించు ఇంటిలో తేమ కూడుకొనును. నిదురించు మనుష్యుడొక్కడే గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఊపిరితోను చర్మముతోను విడుచును. ఆ తేమ గది నడుమ నెవరికిని తెలియదు. చల్లని కిటికీ అద్దమును తాకినచోట మాత్రము ధారలు కట్టును. బీరువా వెనుకనున్న చల్లని గోడపై బూజు నల్లగా పట్టును. ఒకే యింట ఒకచోట కఱ్ఱ పగులును, మఱియొకచోట గోడ కుళ్ళును. దీనినిబట్టి చల్లదనము చేయు పని మనకు తెలియుచున్నది.

గాలి చల్లబడుకొలది పాత్ర చిన్నదగుచుండును. ఒకచోట పాత్ర సరిగా నిండిపోవును. ఆ వేడిమికి తుషారస్థానమని పేరు. దానికంటె చల్లనైన దేనిపైనైనను నీరు చెమర్చును. ఆగస్టు నెలలో విశాఖపట్టణమున 30 డిగ్రీల వేడిమి, 80 వంతుల ఆర్ద్రత యున్న దినమున ఘనమీటరు గాలిలో 24 గ్రాముల ఆవిరి యుండును. అట్టి గాలికి తుషారస్థానము 26 డిగ్రీలు. చల్లని నీటి చెంబు వెలుపల కారునది చెంబులోని నీరు కాదు. చెంబు చుట్టునున్న గాలిలోని నీరు. ఎయిర్ కండిషనరు వెనుకనున్న గొట్టమునుండి బొట్లు బొట్లుగా పడునదియు అదియే.

ఆ యంత్రము పుట్టుక కథ చెప్పకుండ ముందునకు పోజాలను. మనుష్యులకు చల్లదన మిచ్చుటకై అది పుట్టినదని చాలమంది తలచెదరు. అది పుట్టినది కాగితము కొఱకు. 1902వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ భాగమున నొక ముద్రణాలయము రంగుల బొమ్మలు అచ్చువేయుచుండెను. రంగుల బొమ్మకు ఒకే కాగితముపై ఒక్కొక్క రంగును విడివిడిగా అద్దవలెను. ఒక రంగు అద్దిన పిమ్మట గాలిలో తేమ మారినచో కాగితము సాగును, లేక కుదించుకొనును. రెండవ రంగు తన చోట పడదు. ఆ చిక్కును తీర్చు పని విల్లిస్ క్యారియర్ అను ఇరువదియైదేండ్ల యువ ఇంజనీరునకు అప్పగించిరి. చల్లని గొట్టములమీదుగా గాలిని పంపి అందలి నీటిని దింపివేయు ఏర్పాటును అతడు చేసెను.

అంతటితో అతనికి తృప్తి కలుగలేదు. ఆ సంవత్సరాంతమున పిట్స్‌బర్గు రైలు స్టేషనులో బండి కొఱకు వేచియుండగా వేదిక యంతయు పొగమంచు క్రమ్మెను. దానిని చూచుచు అతడిట్లాలోచించెను: ఈ గాలి పూర్తిగా నీటితో నిండియున్నది, అయినను చల్లగా నుండుటచే ఇందున్న నీరు మిక్కిలి తక్కువ. నేనే ఇట్టి పొగమంచును చేయగలిగి, దాని వేడిమిని నా యిష్టప్రకార ముంచగలిగినచో, గాలిలో ఎంత నీరుండవలెనో నేనే నిర్ణయింపగలను! గాలిని చల్లని నీటి తుంపరల నడుమగా పంపు యంత్రమున కతడు 1906లో పేటెంటు హక్కు పొందెను. నీరు చల్లి గాలిని పొడి చేయుట! వినువారికి ఇది పరిహాసమువలె తోచును. కాని మన యంకెలను చూడుడు. తుంపరలు 10 డిగ్రీల చల్లదనమున నున్నచో గాలి వానిని తాకి, తనలోని యదనపు నీటిని వానికే ఒప్పగించి, 9 గ్రాములతో వెలుపలికి వచ్చును. దానిని 20 డిగ్రీలకు వేడి చేసిన ఆర్ద్రత సగమునకు కొంచెము మించి నిలుచును. ముందు చల్లబరచి, పిదప వేడి చేసి, కోరిన తేమను పొందుట. ఒక్క పొగమంచు దినమున ఇంత పాఠము నేర్చుకొన్నవాడు అరుదు.

మన వేసవి కూలరును దీనితో కలిపివేయరాదు. రెండును చల్లబరచును గాని, ఒకటి గాలినుండి నీరు తీయును, మఱియొకటి గాలికి నీరిచ్చును. పూర్వము కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీరు చల్లెడివారు. కూలరు దాని మనుమడే. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను; ఆ వేడిని గాలినుండియే తీసికొనుటచే గాలి చల్లబడును. 40 డిగ్రీలు, 20 వంతుల ఆర్ద్రత గల కర్నూలు గాలి మంచి కూలరులోనుండి 26 డిగ్రీల ప్రాంతమునకు దిగి రాగలదు. అదే కూలరును విశాఖపట్టణమునకు కొనిపోయినచో, అప్పటికే నిండిన పాత్రలో నీరు పోసినట్లగును. చల్లదనము రాదు, చెమట ఆరదు. కూలరు పెట్టి కిటికీలు మూసికొనువారును ఇదే పొరపాటు చేయుచున్నారు. తడిసిన గాలి పోవుటకు దారి యుండవలెను.

ఎయిర్ కండిషనరునకు కిటికీలు మూయుటయే మేలు. కాని దానిని నడపుటలో నొక అపాయమున్నది. తాటియాకు గ్రంథములను, పాత పుస్తకములను కాపాడు తలంపుతో కొన్ని చోట్ల పగలంతయు యంత్రము నడిపి, సాయంకాలము తలుపులు వేయునప్పుడు ఆపివేయుదురు. రాత్రి వెలుపలి తడిగాలి మెల్లగా లోనికి ప్రాకును. చల్లబడిన అరలును, అట్టలును, ఆకులును దానిని ఆహ్వానించును. ఆకు ఉబ్బును, మఱునాడు మరల కుదించుకొనును. ఏడాదిలో మూడువందల మారులు ఇట్లు సాగి ముడిచిన ఆకు ఎంత కాలము నిలుచును? బూజునకు కావలసిన తడియు రాత్రివేళనే దొరకును. నన్నడిగినచో, పగలు నడిపి రాత్రి ఆపు యంత్రముకంటె, గాలి వెలుతురు చక్కగా తగులు మామూలు గదియే తాటియాకునకు మేలు.

చల్లదనముకంటెను, పొడిదనముకంటెను, మార్పు లేకుండుటయే ఇట్టి వస్తువులకు ప్రాణరక్ష యని ఒక యుద్ధము లోకమునకు చూపినది. రెండవ ప్రపంచ సంగ్రామమున లండను నగరముపై బాంబులు పడుచుండగా నేషనల్ గ్యాలరీలోని చిత్రపటములను 1941లో వేల్సు దేశమునందలి మానోడ్ అను పలకరాతి గనిలోనికి తరలించిరి. కొండ గర్భమున చీకటి, చలి, తడి. గనిలో ఇటుకలతో గదులు కట్టి, లోపలి గాలిని వేడి చేసి, సుమారు 17 డిగ్రీల వేడిమిని 42 వంతుల ఆర్ద్రతను ఎల్లవేళల నిలిపిరి. పగలు రాత్రి భేదము లేదు. ఋతువుల భేదము లేదు. లండనులో నుండగా పటములపై రంగు పెచ్చులూడుచుండెడిది. దానిని సరిచేయు పనివారికి తీరిక యుండెడిది కాదు. గనిలో ఆ బాధ మిక్కిలి తగ్గిపోయెను. 1945లో పటములు మరల నగరమునకు చేరిన పిమ్మట, కొండ గుహలో దొరికిన నిలకడను మేడలలోను ఏర్పరచవలెనని చిత్రశాలలవారు పూనుకొనిరి. చికాగోలోని వీణకును వైద్యము ఇదియే: తాపయంత్రమునకు దూరముగా, పెట్టెలో, తేమ మాపకము ప్రక్కన.

గాలిలో దాగిన నీటిని మీరును కొలువవచ్చును. మెఱుగు పెట్టిన స్టీలు గ్లాసు, ఒక ఉష్ణమాపకము, కొన్ని మంచుగడ్డ ముక్కలు చాలును. వానకాలమున వసారాలో కూర్చుండి, గ్లాసులో సగము వఱకు మామూలు నీరు పోయుడు. మంచుముక్కను ఒక్కొక్కటిగా వేసి కలుపుచు గ్లాసు వెలుపలి మెఱుగును కనిపెట్టుచుండుడు. ఊపిరి సోకకుండ ముఖమును దూరముగా నుంచుకొనుడు. మెఱుగుపై తొలి మసక పట్టిన క్షణమున ఉష్ణమాపకము చూపు అంకెను వ్రాసికొనుడు. అది ఆ నాటి తుషారస్థానము. పిదప అవే పరికరములతో ఎయిర్ కండిషనరు నడచుచున్న గదిలోనికి పోయి అదే ప్రయోగము చేయుడు. వసారాలో 25 డిగ్రీలకే మసకబారిన గ్లాసు ఇచ్చట 20 డిగ్రీలకును, 18 డిగ్రీలకును పొడిగానే నిలుచుట చూచెదరు. ఆ పొడి గ్లాసును అట్లే పట్టుకొని తలుపు తెఱచి వసారాలోనికి రండు. మీరు పది లెక్కించులోపల అది తెల్లగా మసకబారును. మీలో కండ్లద్దములు పెట్టుకొన్నవారుండినచో వారికి గ్లాసు కనబడదు.